దస్తావేజుతోపాటే దాని నకలూ చేతికివ్వండి: స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా రిజిస్ట్రార్లకు, సబ్‌రిజిస్ట్రార్లకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

ఇల్లు కొనుక్కున్నవారికి రిజిస్టరైన దస్తావేజును తిరిగి ఇచ్చేటప్పుడే, దాని ధ్రువీకృత నకలును, అంటే మీ కార్యాలయాల్లో అందరూ సీసీ అని పిలిచే ప్రతిని, వారు అడగకుండానే చేతికి ఇప్పించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇది చిన్న కోరికగా కనిపించవచ్చు. అసలు కాగితం పాడైపోయిన ఇంట్లో కూర్చుని చూస్తే మాత్రం ఇంతకన్నా అవసరమైన పని మరొకటి కనిపించదు. అలాంటి ఇంటి నుంచే రాస్తున్నాను కనుక, జరిగినది ముందు చెప్పుకోనివ్వండి.

మా నాన్నగారు 1976లో ఇల్లు కొన్నారు. ఆ విక్రయ దస్తావేజును ఒక తువ్వాలులో చుట్టి, ఇనప పెట్టె అడుగున, మా అమ్మ పెళ్లి చీర కింద దాచారు. ఆ పెట్టెను మేము ఎవరమూ తెరిచేవాళ్లం కాదు. తెరవకపోవడమే భద్రత అని నమ్మేవాళ్లం. ఆయన పోయాక, వారసత్వ వ్యవహారాల కోసం పెట్టె తీసి చూస్తే, ఎప్పుడో ఏ వర్షాకాలంలోనో పైకప్పు నుంచి కారిన నీరు పెట్టె మూత సందులోంచి లోపలికి దిగినట్టు తెలిసింది. స్టాంపు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా గట్టిపడ్డాయి. నెమ్మదిగా విడదీస్తే, అమ్మినాయన వేసిన బొటనవేలి ముద్ర గీతలతో సహా నల్లగా అలాగే ఉంది. ఆ పక్కనే దస్తావేజు లేఖరి పెన్ను సిరాతో రాసిన హద్దులు, కొలతలు మాత్రం లేత నీలి మరకగా మిగిలాయి. వెనుక వైపున మీ కార్యాలయం వేసిన ముద్ర గుండ్రం కనిపిస్తోంది గానీ, "1వ పుస్తకము, 1976 సం. (శా.శ. 1898)" అన్న వరుసలో ఉండవలసిన దస్తావేజు నంబరు పూర్తిగా చెరిగిపోయింది.

నంబరు లేకపోతే ఏమవుతుందో మీకు చెప్పనవసరం లేదు, కానీ ఈ లేఖ చదివే ఇంటి యజమానులకు తెలియాలి. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, 1983 జనవరి 1 తరువాతి లావాదేవీలకే దొరుకుతుంది. అంతకు ముందువాటి కోసం కార్యాలయానికి వెళ్లి సూచికల్లో వెతికించుకోవాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పేర్లవారీగా ఒక సూచికను, ఆస్తులవారీగా మరొక సూచికను ఉంచమన్నది. మాకు సంవత్సరం తెలుసు, పేరు తెలుసు; అయితే సూచికలో నాన్నగారి ఇంటిపేరు ఒక అక్షరం తేడాతో ఎక్కింది. దానికి తోడు, మా ప్రాంతానికి తరువాతి కాలంలో కొత్త సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఏర్పడింది, పాత పుస్తకాలు మాత్రం పాత కార్యాలయంలోనే ఉండిపోయాయి. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మూడుసార్లు ఒకచోటికి, రెండుసార్లు మరొకచోటికి తిరిగాక ఆ పేజీ దొరికింది.

దొరికిన సంతోషం సీసీ చేతికి వచ్చేదాకానే నిలిచింది. టైపు చేసి ఇచ్చిన ఆ నకలులో తూర్పు పడమరల కొలత 26 అడుగులని ఉంది. మా ఇల్లు కట్టుకున్న స్థలం వెడల్పు 36 అడుగులు. పది అడుగుల స్థలం కాగితం మీద మాయమైంది. కంప్యూటర్ల ద్వారా రిజిస్ట్రేషన్ చేసే విధానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో మొదలయ్యేదాకా, దస్తావేజులను సాధారణంగా గుమాస్తాలు చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవారు. అంటే మేము అందుకున్నది చేతిరాత నకలుకు టైపు నకలు. పొరపాటు ఏ మెట్టు మీద జరిగిందో ఎలా తెలుసుకోవడం? చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చునని ఒక న్యాయవాది చెబితే, పుస్తకం చూపించమని దరఖాస్తు పెట్టుకున్నాం. రికార్డు గదిలో పనిచేసే ఒక పెద్దాయన ఆ సంపుటాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి, అంచులు పొడిపొడిగా రాలుతున్న పేజీలను పసిబిడ్డను పట్టుకున్నంత జాగ్రత్తగా తిప్పారు. అక్కడ 36 అని ఉంది. మూడు అంకె పైకొమ్ము సిరా వెలిసిపోయి రెండులా కనిపిస్తోంది. పక్కనే అక్షరాల్లో "ముప్పది ఆరు" అని స్పష్టంగా రాసి ఉంది. సరిచేసిన నకలు ఇచ్చారు. ఆ పెద్దాయన ఓపిక వల్ల మా ఇంటి కొలత మాకు దక్కింది. ఆ సంపుటం ఇంకో ఇరవై ఏళ్లు అలాగే ఉంటే, తరువాత వచ్చేవారికి ఆ అక్షరాలు కూడా దక్కకపోవచ్చు.

ఈ మొత్తం తిరుగుడులో నాకు అర్థమైనది ఒక్కటే. ఇంటి యజమాని దగ్గర అసలు ఒకటి ఉంటుంది, మీ పుస్తకంలో దాని ప్రతి ఒకటి ఉంటుంది. మూడో చోటు లేదు. మొదటిది తువ్వాలులో, రెండోది పాత సంపుటంలో ఒకే కాలంలో శిథిలమవుతుంటే, ఆ రెండింటినీ ఒకసారైనా పక్కపక్కన పెట్టి సరిచూసే అవకాశం ఎవరికీ రాదు. అసలు చేతిలో ఉన్నప్పుడే సీసీ తీసుకుంటే ఆ సరిచూపు అదే రోజు జరిగిపోతుంది. కొలతలో తప్పున్నా, డోరు నంబరులో తేడా ఉన్నా, రాయించినవారు, సాక్షులు అందరూ బతికి ఉండగానే సవరణ దస్తావేజు రాయించుకోవచ్చు. నలభై ఏళ్ల తరువాత ఆ సంతకం ఎవరు పెడతారు?

ఇప్పుడు ఈ పని మీకు భారమని కూడా అనుకోను. రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ మీరు స్కాన్ చేసిన తరువాతే తిరిగి ఇస్తున్నారు. ఆ బొమ్మనే ముద్రించి, కార్యాలయపు సీలు, అధికారి సంతకంతో ఇస్తే అది సీసీ అవుతుంది. అలా సంతకం, సీలు ఉన్న నకలు అసలు దస్తావేజులోని విషయాన్ని రుజువు చేయడానికి చెల్లుతుందని అదే 57వ సెక్షన్ చెబుతోంది. అసలు పోయిందనో, ధ్వంసమైందనో చూపగలిగితే దాని స్థానంలో ద్వితీయ సాక్ష్యాన్ని న్యాయస్థానం స్వీకరించే ఏర్పాటు 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. హక్కు చట్టంలో ఉంది, యంత్రం మీ బల్ల మీద ఉంది. నకలు రుసుమును రిజిస్ట్రేషన్ రుసుములతో కలిపే తీసుకోండి. ఇల్లు కొనే రోజున ఆ కొద్దిపాటి మొత్తాన్ని ఎవరూ భారమనుకోరు.

ఈ నకలు అందరికన్నా ఎక్కువగా బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవారికి కావాలి. వారి అసలు దస్తావేజు రిజిస్ట్రేషన్ ముగిసిన వెంటనే బ్యాంకుకు వెళ్లిపోతుంది. హక్కు పత్రాలను అప్పగించి తాకట్టు పెట్టే పద్ధతికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే చోటుంది. పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో గడిచి అప్పు తీరేదాకా ఇంటి యజమాని చేతిలో ఉండేది ఒక జిరాక్సు, అదీ చాలాసార్లు ముందు వైపు మాత్రమే తీసినది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని, పత్రాలు పోగొడితే ధ్రువీకృత నకళ్లు పొందడంలో రుణగ్రహీతకు సాయపడి ఆ ఖర్చు భరించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి విడుదల కావలసిన పత్రాలకు అది వర్తిస్తోంది. మంచి ఆదేశమే. కానీ ఆ నకళ్లు చివరికి రావలసింది మీ దగ్గర నుంచే కదా. మొదటి రోజే ఒకటి ఇంట్లో ఉంటే, ఇరవై ఏళ్ల పాటు ఆ కుటుంబం తన ఇంటి హద్దులు ఏమిటో తెలియకుండా బతకనవసరం లేదు.

నకలు ఇచ్చేటప్పుడు దాని నాణ్యత గురించి కూడా ఒక మాట. దస్తావేజుకు జతచేసే ప్లానులో అమ్మిన భాగాన్ని ఎరుపు రంగుతో గుర్తిస్తారు. ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో కూడా "ప్లానులో ఎరుపు రంగుతో చూపిన భాగము" అని రాస్తారు. దాన్ని నలుపు తెలుపుల్లో స్కాన్ చేసి ముద్రిస్తే ఎరుపూ మిగిలిన గీతలూ ఒకటే అయిపోయి, ఏది కొన్నామో ఏది పొరుగువారిదో తెలియని బొమ్మ చేతికి వస్తుంది. పెద్ద కాగితం మీద గీసిన ప్లానును చిన్న పుటలోకి కుదిస్తే కొలతల అంకెలు చీమల బారులా అలుక్కుపోతాయి. ప్లానును రంగుల్లో, అసలు కొలతలోనే స్కాన్ చేయించండి. ఇల్లు అంటే ఆ ప్లానే కాబట్టి ఈ విషయాన్ని మిగిలినవాటి కన్నా గట్టిగా అడుగుతున్నాను.

పాత సంపుటాల సంగతి మరింత తొందరగా చూడవలసినది. ఏదైనా పుస్తకం పాడైపోయే ప్రమాదంలో ఉందని, చదవరాకుండా పోతోందని తోస్తే దాన్ని తిరిగి రాయించి, ధ్రువీకరించి, ఆ ప్రతినే అసలు పుస్తకంగా పరిగణించే అధికారం రిజిస్ట్రారుకు రిజిస్ట్రేషన్ చట్టం 51వ సెక్షన్ ఇచ్చింది. రిజిస్ట్రారు కార్యాలయానికి నిప్పంటని పెట్టె ఒకటి ప్రభుత్వం సమకూర్చాలని, ప్రతి జిల్లాలో రికార్డుల భద్రతకు తగిన ఏర్పాటు చేయాలని 16వ సెక్షన్ అన్నది. 1908లోనే అగ్నిప్రమాదం గురించి ఆలోచించిన చట్టం ఇది. ఏ కార్యాలయంలో ఏ సంవత్సరపు సంపుటాలు ఏ స్థితిలో ఉన్నాయో, వాటిలో ఎన్ని స్కాన్ అయ్యాయో ప్రజలకు కనిపించేలా ప్రకటించండి. ఏ గ్రామం, ఏ వార్డు పాత రికార్డులు ఏ కార్యాలయంలో మిగిలాయో ఒక పట్టిక ప్రతి కార్యాలయం గోడకు అంటించినా, మాలాంటివాళ్లకు సగం తిరుగుడు తప్పుతుంది.

ఇన్ని నకళ్లు తిరిగితే మోసాలు పెరుగుతాయన్న అభ్యంతరం రావచ్చు. అది కొట్టిపారేయదగినది కాదు. దస్తావేజుల ప్రతుల మీది వేలిముద్రలను తీసి, వాటికి అచ్చులు పోసి, ఆధార్‌తో నడిచే చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాల్లోని సొమ్ము కాజేసిన కేసులను తెలుగు రాష్ట్రాలు చూశాయి. అయితే ఆ ప్రమాదం యజమానికి ఇచ్చే నకలు వల్ల రాలేదు. సంబంధం లేనివారికి కూడా వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కప్పకుండా కనిపించడం వల్ల వచ్చింది. 1వ పుస్తకం నకలు ఎవరు అడిగినా ఇవ్వాలన్నది చట్టం, అది మారాలని నేను కోరడం లేదు. కొనబోయేవాడు పాత హక్కుల వరుస చూసుకోవాలంటే ఆ తలుపు తెరిచే ఉండాలి. పరాయివారికి ఇచ్చే ప్రతిలో వేలిముద్రలు, ఆధార్ అంకెలు తప్పనిసరిగా కప్పండి. దస్తావేజులోని పక్షాలకు ఇచ్చే ప్రతిలో పూర్తిగా ఉంచండి. ఒక ఇంటి దస్తావేజు నకలును ఎవరైనా తీసుకున్నప్పుడు ఆ యజమాని ఫోనుకు ఒక సందేశం వెళ్లేలా చూడండి. బ్యాంకులో మన ఖాతా నుంచి వంద రూపాయలు కదిలితే సందేశం వస్తోంది. మన ఇంటి కాగితం ఎవరో తీసుకువెళ్తే తెలియకపోవడం ఏమి న్యాయం?

సీసీతోపాటు ఒక కాగితం ముద్రించి ఇవ్వమని కూడా కోరుతున్నాను. దస్తావేజును ఎలా దాచుకోవాలో మా నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. ఆయనకు తెలిసినంతలో అతి భద్రమైన చోటే పెట్టారు. ఇవాళ కూడా చాలామంది చేసే మొదటి పని, భద్రమని తలచి దస్తావేజుకు లామినేషన్ చేయించడం. వేడికి ప్లాస్టిక్ పొర కాగితంలోకి అతుక్కుపోతే మళ్లీ విడదీయడం కుదరదు; సిరాను, అచ్చు ఒత్తిన ముద్రలను పరీక్షించవలసి వస్తే ఆ పొర అడ్డుపడుతుంది. చిరిగినచోట వేసిన సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపుపచ్చ మరకై అక్షరాలను మింగేస్తుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి చిల్లులు చేస్తాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏళ్లతరబడి ఉంచితే జిరాక్సు అక్షరాలు కవరుకు అంటుకుని ఊడివస్తాయి. కాగితాలను మడతలు లేకుండా పరిచి, ఆమ్లం లేని కాగితపు కవరులోనో గట్టి ఫైలులోనో పెట్టి, బయటి గోడకు ఆనని, నేలను తాకని బీరువా అరలో ఉంచాలి. ఏడాదికి ఒకసారి, వానలు ముగిశాక, తెరిచి చెద, తేమ ఉన్నాయేమో చూసుకోవాలి. రుసుము చెల్లించినట్టు ఇచ్చే చిన్న రశీదులు కొన్ని వేడికి ముద్రపడే కాగితం మీద ఉంటాయి, వాటి అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి కనుక వెంటనే జిరాక్సు తీసుకోవాలి.

ఆ కాగితంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండవలసిన మాట వెనుక వైపు గురించి. దస్తావేజు ప్రాణం చాలావరకు పుట వెనుకనే ఉంటుంది: ఎవరు, ఏ రోజు, ఏ గంటకు సమర్పించారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు గుర్తించారు, ఏ నంబరుగా రిజిస్టరైంది అన్నవన్నీ అక్కడే రాస్తారు. జిరాక్సు తీసేవారు ముందు పుటలు తీసి ఇచ్చేస్తారు, మనమూ లెక్కపెట్టకుండా తెచ్చుకుంటాం. స్కాన్ చేసినా, ఫోటో తీసినా ప్రతి పుటకు రెండు వైపులా, ఖాళీగా కనిపించినా సరే, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కల స్పష్టతకు) తగ్గకుండా, రంగుల్లో తీయాలి. ఆ ఫైలును ఫోనులోనే వదిలేయకుండా వేరే రెండు చోట్ల ఉంచాలి. దస్తావేజు నంబరు, సంవత్సరం, కార్యాలయం పేరు, ఈ మూడింటినీ ఇంట్లో మరో ఇద్దరికి తెలిసేలా విడిగా రాసి పెట్టాలి. మా ఇంట్లో ఆ ఒక్క వరుస ఎక్కడైనా రాసి ఉంటే మేము అన్నిసార్లు తిరిగేవాళ్లం కాదు.

అసలును, సీసీని ఒకే చోట ఉంచకూడదన్నది కూడా అందులో చేర్చండి. బ్యాంకు లాకరులో పెడితే ఇక భయం లేదనుకుంటాం. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది లాకరు అద్దెకు వంద రెట్ల వరకు; వరద, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలకు, బ్యాంకు నిర్లక్ష్యం లేనంతవరకు, ఆ బాధ్యత కూడా ఉండదు. పరిహారం వచ్చినా అది డబ్బే. కాగితం తిరిగి రాదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారి ఇబ్బంది ఇంకొక తీరుది. స్థలం మొత్తానికి సంబంధించిన మూల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, అంటే హక్కు ఒకరి నుంచి ఒకరికి వచ్చిన వరుసను చూపే పాత దస్తావేజులు, బిల్డరు దగ్గరో, స్థల యజమాని దగ్గరో ఉండిపోతాయి. ఆస్తిని ముక్కలుగా వేర్వేరు వ్యక్తులకు అమ్మినప్పుడు హక్కు పత్రాలు ఎవరి దగ్గర ఉండాలో, వాటిని ఉంచుకున్నవారు మిగిలినవారు తగిన కారణంతో అడిగితే చూపించి, వారి ఖర్చుతో నకళ్లు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఫ్లాటు రిజిస్ట్రేషన్ సమయంలో, ఆ దస్తావేజులో పేర్కొన్న లింకు డాక్యుమెంట్ల నంబర్లను చూసి, వాటి సీసీలు కూడా కావాలా అని కొనుగోలుదారును మీ సిబ్బంది ఒక మాట అడిగితే చాలు.

చివరిగా, మీ దగ్గరే మిగిలిపోయిన దస్తావేజుల విషయం. రెండేళ్లకు మించి ఎవరూ తీసుకువెళ్లని దస్తావేజులను, వీలునామాలు తప్ప, ధ్వంసం చేయవచ్చునని రిజిస్ట్రేషన్ చట్టం 85వ సెక్షన్ అంటోంది. దస్తావేజు లేఖరి తెచ్చి ఇస్తాడనో, ఏజెంటు తీసుకున్నాడనో అనుకుని మరిచిపోయినవారు ఉంటారు. ధ్వంసం చేసే ముందు వారి ఫోనుకు, చిరునామాకు రెండుసార్లయినా కబురు పంపండి.

మా ఇంటి దస్తావేజు సరిచేసిన సీసీ ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని రెండో ప్రతి మా చెల్లెలి ఇంట్లో ఉంది. సిరా కరిగిపోయిన అసలు కాగితాలను కూడా పారేయలేదు, వేలిముద్ర ఉంది కనుక పరిచి దాచాను. పై కోరికల్లో దేనికి కొత్త నిబంధన కావాలో, ఏది మీ ఉత్తర్వుతోనే రేపటి నుంచి మొదలుపెట్టవచ్చో తెలియజేస్తూ శాఖ తరఫున సమాధానం ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక ఇంటి యజమాని